హిమపథమున పాదరక్ష

హిందూపురమునందలి బాలికల పాఠశాలలో చిరకాలము వ్యాయామోపాధ్యాయినిగా పనిచేసి విశ్రాంతి గైకొనిన ఒక పెద్దామెకును, ధర్మవరమున పుట్టి, ఉద్యోగరీత్యా అమెరికాలోని డెన్వరు నగరమున స్థిరపడి, అచటి రాకీ పర్వతసానువులపై స్కీయింగు అభ్యసించి, సెలవులకు స్వదేశమునకు వచ్చిన ఆమె మేనకోడలికిని నడుమ జరిగిన సంవాదమిది. ఇందుకు హేతువు పెనుకొండలోని బంధువుల యమ్మాయి వ్రాసిన ఒక లేఖ. ఆమె బెంగుళూరులో ఉద్యోగము చేయుచు, గడచిన శీతకాలమున కాశ్మీరమందలి గుల్మార్గునకు పోయి ప్రాథమిక శిక్షణము ముగించి, రాబోవు శీతకాలమున తరువాతి మెట్టెక్క సంకల్పించి, సొంతముగా బూట్లును స్కీలును కొనుట యుక్తమా, కొన్నచో స్త్రీలకని ప్రత్యేకముగా చేసినవే కొనవలెనా యని యడిగినది. ఎండకు బండలు పగులు మన సీమలో మంచుపై జారు విద్యను గూర్చి ఇంత చర్చ యేలయని కొందరికి తోచవచ్చును. కాని ఒక స్త్రీ తొలి భయమును జయించి, పడుచు లేచుచు నేర్చిన విద్యను పరిణతి దిశగా నడపదలచిన వేళ ఆమె కాలికి ఏ పరికరము తగునన్నది ఏ సీమలోనైనను శ్రద్ధతో ఆలోచింపదగిన విషయమేయని నా విశ్వాసము.

మేనత్త: అమ్మణ్ణీ, ఈ పిల్ల ప్రశ్నకు నా సమాధానము స్పష్టము. "స్త్రీల స్కీలు", "స్త్రీల బూట్లు" అను పేరుగల వస్తువులను తాకవలదని వ్రాయుము. నేను ఉద్యోగములో చేరిన దినములలో ఆడపిల్లలకు దూరపు పరుగు తగదనిరి, కబడ్డీ తగదనిరి, బరువులెత్తుట అసలే తగదనిరి. ఇచ్చిన ప్రతి పరికరమును చిన్నదిగా, తేలికగా, మెత్తగా చేసి, అదంతయు మా మేలు కొరకేనని నమ్మబలికిరి. ఆ పిల్లలలోనే ఎందరో మగపిల్లల బంతినే, మగపిల్లల మైదానమునే అడిగి పుచ్చుకొని వారికి దీటుగా ఆడిరి. ఇప్పుడు అంగడివాడు ఆ పాత తగ్గింపునకే పూలరంగులద్ది అమ్ముచుండగా, చదువుకొన్న మీరు దానిని శాస్త్రమని కొనుచున్నారు.

మేనకోడలు: అత్తా, రంగుల విషయములో మీతో నాకు వాదము లేదు. ఒకే అచ్చులో పోసి, ఒకే కొయ్యను పొదిగి, పైపూత మాత్రము మార్చి స్త్రీలవని అమ్మిన స్కీలు నిజముగానే కలవు. కాని బూటు మాట వేరు. స్కీ బూటనగా మనమెరిగిన తోలుజోడు వంటిది కాదు. పాదము మొదలు ముంగాలి నడిమివరకు లేచు గట్టి ప్లాస్టిక్ కవచమొకటి, దానిలోపల లైనరను మెత్తని తొడుగొకటి, బిగించుటకు మూడు నాలుగు బకిళ్ళు. లోపల కాలు నిటారుగా నుండక చీలమండవద్ద ముందునకు వంగి నిలుచును. స్త్రీలలో సాధారణముగా పిక్కకండ పురుషులకంటె క్రిందివరకు దిగియుండును. పురుషుని కాలికని ఎత్తుగా, ఇరుకుగా చేసిన పైపట్టీ ఆ కండను ఒరసి, నొప్పి కలిగించి, కాలిని అవసరమునకు మించి ముందునకు నెట్టును. ముందరి పాదముతో పోల్చినచో మడమ సన్నముగా నుండుటచే పురుషుని బూటులో అది నిలువక పైకి లేచుచుండును. కనుకనే స్త్రీల బూట్లలో పైపట్టీని పొట్టిగా, విప్పారినదిగా, మడమగూటిని సన్నముగా చేయుదురు. దీనిని తగ్గింపనుట న్యాయము కాదు. స్త్రీల బరువులెత్తు పోటీలను తొలిసారి చేర్చిన 2000 నాటి సిడ్నీ ఒలింపిక్సులో మన శ్రీకాకుళపు బిడ్డ కరణం మల్లీశ్వరి 240 కిలోలెత్తి కాంస్యపతకము గెలిచినపుడు మీరు పాఠశాలలో మిఠాయి పంచితిరని అమ్మ చెప్పుచుండెడిది. నేడు ఆ పోటీలలో స్త్రీలు పట్టు ఇనుపకడ్డీ మందము 25 మిల్లీమీటర్లు, బరువు 15 కిలోలు. పురుషులది 28 మిల్లీమీటర్లు, 20 కిలోలు. స్త్రీ అరచేతికి పట్టు చిక్కుటకై కడ్డీని సన్నము చేసిరే గాని, దానిపై ఎక్కించు బరువునకు ఎవరును హద్దు పెట్టలేదు.

మేనత్త: మంచి యుదాహరణము తెచ్చితివి, కాని ఆ సాక్షి నా పక్షముననే నిలుచుచున్నాడు. కడ్డీని సన్నము చేసిరి, సరే, మెత్తన చేసిరా? ఇనుము ఇనుముగానే యున్నది గదా! నీవు చూపిన పట్టికలో పురుషుల బూట్లకు 100, 110, 130 అను అంకెలుండగా, స్త్రీల బూట్లలో ఎక్కువ వాటికి 60, 70, 80 అని కనబడినది. ఆ యంకె బూటు బిగువును తెలుపునని నీవే చెప్పితివి. ఆకారము మార్చుటకు ఒప్పుకొందును. ఆకారము మార్చెదమను నెపమున బిగువును కూడ దిగలాగుట ఎందులకు?

మేనకోడలు: దానిని ఫ్లెక్స్ అందురు. ఆ యంకె ఏ ఉమ్మడి ప్రమాణమునకును లోబడినది కాదు. ఒక కంపెనీవారి 90 వేరొక కంపెనీవారి 100తో సమానము కావచ్చును. మోకాలిని వంచి, ముంగాలితో బూటు నాలుకపై ఒత్తినపుడు ఆ ఒత్తిడి స్కీ ముందరి భాగమునకు చేరి, అంచు మంచును కరచి, మలుపు ఆరంభమగును. మనిషి బరువునకును బలమునకును మించి బూటు బిగువైనచో ఆమె దానిని వంచలేక, వెనుకకు చదికిలబడినట్లు నిలిచి, బరువంతయు స్కీ తోకలపై మోపి, తొడలు మండుచుండగా దిగివచ్చును. పైగా చలిలో ప్లాస్టిక్ మరింత గట్టిపడును. అంగడిలోని వెచ్చదనమున సులభముగా వంగిన బూటు కొండపై మొండికెత్తును. 55 కిలోల స్త్రీకి 80 కిలోల పురుషుని బూటు నిచ్చుట గౌరవమగునా?

మేనత్త: బిగువైనచో కలుగు కీడు చెప్పితివి. మెత్తనైనచో కలుగు కీడు చెప్పక దాటవేసితివి.

మేనకోడలు: దాటవేయను. మెత్తని బూటు మొదటి వారమున హాయిగా నుండును. వేగము పెరిగి, గడ్డకట్టిన మంచుపై మలుపు తిరుగవలసి వచ్చినపుడు, అది ముందునకు కూలిపోయి, ఒత్తిడి స్కీకి చేరకయే పోవును. అప్పుడా స్త్రీ తనకు ధైర్యము చాలలేదని తన్నుతానే నిందించుకొనును. స్త్రీ యని చూడగానే 60, 70 అందించు అలవాటు అంగళ్ళలో కలదు, అది తప్పు. నేర్చుకొనుచు ముందునకు సాగు స్త్రీకి అట్టి బూటు అడ్డంకియే. ఈ యమ్మాయి రెండు స్కీలను సమాంతరముగా నుంచి మలుపు తిప్పగలనని వ్రాసినది. ఆమెకు 80 మొదలు 90 వరకు తగునని నా యంచనా.

మేనత్త: 90 అని వ్రాయుము. అభ్యాసము చేయు పిల్ల కాలిబలము నేడున్నంతే రేపుండదు.

మేనకోడలు: ఆ యంకెకు ముందు తేలవలసిన అంకె వేరొకటి కలదు. లేఖ చివర చూడుడు: గుల్మార్గులో అద్దెకిచ్చిన బూట్లు 25.5 కొలతవట, దిగిన ప్రతిమారును వ్రేళ్ళు నొచ్చి, బొటనవ్రేలి గోరు నల్లబడినదట, అందుచేత ఈసారి ఇంకను పెద్దవి తీసికొనెదనని వ్రాసినది.

మేనత్త: అది సహజమే గదా? గోరు నల్లబడినదన్న జోడు ఇరుకైనదని అర్థము. పైగా చలిదేశము, రెండు జతల ఉన్ని మేజోళ్ళు తొడుగుటకైనను చోటు కావలెను.

మేనకోడలు: అత్తా, ఈ ఒక్క విషయములో లోకానుభవము మనలను పెడదారి పట్టించును. వదులైన బూటులో పాదము ముందునకు వెనుకకు జారి, దిగునపుడెల్ల వ్రేళ్ళు ముందరి గోడకు కొట్టుకొనుటచేతనే గోరు నల్లబడును. జారనీయకుండుటకై ఆమె బకిళ్ళను గట్టిగా బిగించును. బిగించినకొలది పాదము పైభాగమున రక్తప్రసరణము తగ్గి కాలు చల్లబడును. చల్లబడినదని రెండవ మేజోడు తొడుగును. మడతలు పడి, చెమట పట్టి, మరింత చల్లబడును. పిడి వదులైన పారతో త్రవ్వువాని బలము నేలకు చేరక పిడియందే వ్యర్థమైనట్లు, వదులు బూటులోని కాలిబలము అంచునకు చేరదు. స్కీ బూట్ల కొలతను మోండోపాయింట్ అందురు; అనగా పాదము పొడవే, సెంటీమీటర్లలో. ఆమె పాదము 23.5 సెంటీమీటర్లనుకొనుడు, ఆమెకు 23.5 బూటే కావలెను, 25.5 కాదు. పరీక్షించు పద్ధతి కలదు. లైనరును పెరికివేసి, వట్టి కవచములో పాదముంచి, వ్రేళ్ళు ముందరి గోడకు తాకునట్లు నిలిచినపుడు మడమ వెనుక మిగులు ఖాళీ ఒకటిన్నర సెంటీమీటరునకు అటునిటుగా నుండవలెను. రెండు సెంటీమీటర్లు దాటినచో ఆ బూటును తిరిగి ఇచ్చివేయవలెను. 23, 23.5 అను రెండు కొలతలకును సాధారణముగా కవచమొక్కటే. అర కొలత పెంచుమను అంగడివాని మాటలో సారము లేదు. లైనరు తొడిగి నిటారుగా నిలిచినపుడు వ్రేళ్ళు ముందర తాకవలెను. మోకాళ్ళు వంచగానే కొంచెము వెనుకకు తొలగవలెను. మేజోడు పలుచనిది, ఒక్కటే. కొన్ని దినములు తిరిగినపిమ్మట లైనరు అణగి మరికొంత చోటిచ్చును. అందుచేత అంగడిలో పరుపువలె హాయిగా తోచిన బూటు మాసము తిరుగకమునుపే వదులగును.

మేనత్త: పొడవు సంగతి ఒప్పుకొంటిని, వెడల్పు సంగతి చెప్పుము. నేను వేలకొలది ఆడపిల్లల పాదములను చూచినదానను. చెప్పులు లేకయో, వ్రేళ్ళు విప్పారు చెప్పులతోనో పెరిగిన ఈ సీమ పిల్లల పాదము ముందువైపు విశాలముగా నుండును. వ్రేళ్ళు ఒకదానికొకటి ఎడముగా నుండును. నీవు చెప్పిన "స్త్రీల బూటు" ఏ దేశపు స్త్రీ పాదమును చూచి చేసినది?

ఈ ప్రశ్నకు మేనకోడలు తత్‌క్షణమే ప్రత్యుత్తరమీయలేదు. సంవాదమంతటిలో ఇదియే ప్రధానమైన ప్రశ్నయని నాకు తోచినది. స్త్రీలకు ప్రత్యేకముగా చేయవలెనని పట్టుబట్టి సాధించిన మేలుకూడ, ఆ "స్త్రీ" ఎవరని అడుగకపోయినచో, వేరొక స్త్రీకి బాధయగును.

మేనకోడలు: మీరు చెప్పినదానికి ప్రమాణము కలదు. బెల్జియము దేశపు పరిశోధకులు దక్షిణభారతమునకు వచ్చి, జీవితమెల్ల చెప్పులు లేక నడచినవారి పాదములను, చెప్పులు తొడుగువారి పాదములను, తమ దేశస్థుల పాదములను కొలిచి చూచి, 2009లో ప్రకటించిన పత్రములో, చెప్పులెరుగని పాదము వెడల్పైనదనియు, నడకలో ఒత్తిడిని అరికాలంతటికిని సమముగా పంచుకొనుననియు తేల్చిరి. బూట్లలో వెడల్పును లాస్ట్ అను కొలతతో తెలుపుదురు: సుమారు 98 మిల్లీమీటర్లున్నచో ఇరుకు, 100 మధ్యమము, 102 వెడల్పు. మన యమ్మాయికి చిక్కు ఇచటనే. స్త్రీల బూటుపట్టీ ఆమె పిక్కకు నప్పును, మడమగూడు నప్పును, ముందరిభాగము మాత్రము పిండివేయును. అందుకని పొడవైన బూటు తీసికొనిన మడమ వదులగును. సరియైన మార్గమేమనగా, 23.5 పొడవులోనే 102 వెడల్పుగల స్త్రీల బూటును వెదకి, ఇంకను ఒత్తుచోట గుర్తుపెట్టించి, నిపుణునిచేత ప్లాస్టిక్‌ను వేడిచేయించి ఉబ్బించుకొనుట. ప్లాస్టిక్ అందుకు లొంగును. ఇరుకును వెడల్పు చేయవచ్చును గాని, వదులును బిగువు చేయుట కష్టము. బూటు కొనుటలో సగము సొమ్ము వస్తువునకు, సగము ఆ సవరించు చేతికి ఇచ్చుచున్నామని తలంపవలెను. అరికాలి వంపునకు తగిన పీటనొకదానిని లోపల అమర్చుకొనిన పాదము చదునై సాగకుండును.

మేనత్త: మెట్టెల మాట?

మేనకోడలు: తీయవలసినదే. రెండవ వ్రేలిపై వెండిచుట్టు పైనుండి నొక్కబడినచో ఒక్క పూటలో వ్రేలు వాచును. పట్టీలును అంతే.

మేనత్త: అందులకు నాకు శంక లేదు. ఆట మైదానమున పట్టీలు తీయించుటకు తల్లులతో ఎన్నేండ్లు పోరితినో నాకే తెలియును. మరి ఆ పట్టికలో స్త్రీల బూటులో మడమక్రింద ఎత్తు పెట్టుదురని యున్నదే, అదేమి?

మేనకోడలు: అమెరికాలో జీనీ థోరెన్ అను ఆమె, స్త్రీల శరీరభారకేంద్రము పురుషులకంటె క్రిందుగా, వెనుకగా నుండుననియు, పురుషులకై చేసిన పరికరము వారిని మరింత వెనుకకు కూలద్రోయుననియు, అందుచేత మడమక్రింద చిన్న ఎత్తు పెట్టి, బూటును స్కీకి బిగించు బైండింగును కొంచెము ముందునకు జరుపవలెననియు ఊరూర తిరిగి చూపినది. స్త్రీల పరికరములను గూర్చి కంపెనీలు శ్రద్ధ వహించుటకు ఆమె వంటివారి పట్టుదల ఒక కారణము. చీలమండ చాలినంత వంగని స్త్రీకి ఆ ఎత్తు వరమే.

మేనత్త: చీలమండ వంగనివారికి! మన యిండ్లలో గొంతుకూర్చుండి కూరలు తరిగి, గొంతుకూర్చుండి బట్టలుతికిన ఆడవారి చీలమండ ఎట్లుండునో ఆమె చూచియుండదు. మడమలు నేలనుండి లేవకుండ గొంతుకూర్చుండగల పిల్లకు మడమక్రింద ఎత్తు పెట్టినచో లేని దోషమునకు మందిచ్చినట్లే. ముందుగా ఆ పిల్లను గొంతుకూర్చుండుమని చెప్పి చూడవలెను. మడమలు లేచినచో ఎత్తు పెట్టవలెను, లేవనిచో వలదు.

మేనకోడలు: ఇంతకంటె చక్కని పరీక్షను నేను అచటి అంగళ్ళలో చూడలేదు. దీనిని తప్పక వ్రాసెదను.

మేనత్త: ఇక స్కీల మాట. లిండ్సే వాన్ అను అమెరికా వీరవనిత పురుషుల స్కీలపై పందెములాడి గెలిచినదని పత్రికలలో చదివితిని. ఆమెకు చెల్లినది మన పిల్లకు చెల్లదా?

మేనకోడలు: ఆమె డౌన్‌హిల్ పందెగత్తె. ఆ పందెమున స్త్రీల స్కీ కనీసము 210 సెంటీమీటర్లు, పురుషులది 218. గంటకు నూరు కిలోమీటర్లకు మించిన వేగమున పొడవు నిలకడ నిచ్చును. మనాలి యువతి ఆంచల్ ఠాకూర్ 2018 జనవరిలో టర్కీలోని ఎర్జురుమ్ వద్ద కాంస్యము గెలిచి, స్కీయింగులో మన దేశమునకు తొలి అంతర్జాతీయ పతకము తెచ్చినది చిన్నచిన్న మలుపుల పందెమైన స్లాలమ్‌లో. ఆ పందెమునకు స్త్రీలకు 155 సెంటీమీటర్లే కనీసపు పొడవు. చేయదలచిన పనినిబట్టి పొడవు మారును. 1993లో స్లొవేనియా దేశపు ఎలాన్ కంపెనీవారు నడుము సన్నముగా, కొనలు వెడల్పుగా గల స్కీని విపణికి తెచ్చినపిమ్మట, తలపైకి చేయెత్తినంత పొడవుండెడి పాత స్కీలు మూలబడినవి. అంచుపై వాల్చినంతనే స్కీ తానే వంపు తిరుగుట ఆ ఆకారము మహిమ. 160 సెంటీమీటర్ల ఎత్తుగల మన యమ్మాయికి 145 మొదలు 152 వరకు పొడవు చాలును. నడుము వెడల్పు 75 మొదలు 85 మిల్లీమీటర్ల వరకైనచో చదునుచేసిన వాలులో ఒక అంచునుండి వేరొక అంచునకు త్వరగా మారవచ్చును. గుల్మార్గులో 2,650 మీటర్ల ఎత్తున నున్న క్రింది వాలులకు అది సరిపోవును. గొండోలా యను తీగబండి నెక్కి దాదాపు 3,950 మీటర్ల యెత్తునకు పోయి, త్రొక్కని కొత్త మంచులో దిగు నేర్పు వచ్చిన దినమున 95కు దగ్గరి వెడల్పు కావలెను. ఆ రెండింటిలో ఏది తనకు కావలెనో ఇంకను తెలియని పిల్ల స్కీలు కొనరాదు. బూట్లు కొని, స్కీలను అద్దెకు తీసికొనవలెను.

మేనత్త: అద్దె స్కీల అంచులు మొద్దువారియుండును; మొద్దు అంచుతో గట్టి మంచుపై జారిన పిల్ల తన నేర్పునే శంకించును. ఇందాక మెత్తని బూటును గూర్చి నీవాడిన మాటయే ఇది.

మేనకోడలు: అంచును గోటితో గీచి చూచి, గోరు చెక్కుకొననిచో పదును పెట్టించి ఇమ్మని అడుగవలెను. అంతకంటె ముఖ్యము బైండింగు. పడినపుడు బూటును విడిచిపెట్టు ఆ యంత్రమును బరువు, ఎత్తు, వయస్సు, నేర్పు, బూటు అడుగుపొడవు లెక్కించి బిగింపవలెను. ఏమియు అడుగక బిగించి ఇచ్చినచో ఆ స్కీలను తొడుగరాదు. సొంత బూటు అడుగు, నడకకు అనువుగా వంపుతిరిగిన గ్రిప్‌వాక్ రకమైనచో అద్దె బైండింగు దానిని పట్టునో లేదో ముందే విచారింపవలెను. మంచి బైండింగులు వచ్చినపిమ్మట ముంగాలి ఎముక విరుగుట చాల తగ్గినది. మోకాటి లోపలి స్నాయుబంధమునకు మాత్రము అంత రక్షణ దొరకలేదు. ఆ బంధము తెగుట స్త్రీలలో ఎక్కువయని వైద్యులు పలుమార్లు చెప్పిరి.

మేనత్త: దానికి పరికరము కాదు మందు. నవంబరునుండి ఆ పిల్ల దినమును బైఠకులు తీసి, ఒంటికాలిపై నిలిచి, తొడ వెనుకకండను పెంచవలెను. పెనుకొండ కోట మెట్లెక్కుటకంటె నెమ్మదిగా దిగుట ఆమెకు మేలుచేయును, దిగునపుడే తొడకండ బరువును ఆపుట నేర్చును. ఇది నేను వ్రాసి యిచ్చెదను. బూటు కొలతలు నీవు వ్రాయుము. ఆమెను ఆదివారము హిందూపురము రమ్మనుము. మడమను గోడకానించి కాగితముపై నేనే కొలిచెదను, గొంతుకూర్చుండబెట్టియు చూచెదను.

మేనకోడలు: సాయంకాలము కొలువుడు, అత్తా, దినమెల్ల నిలిచిన పాదము కొంత పొంగును. రెండు పాదములును కొలువుడు. సమముగా నుండుట అరుదు. పెద్దదాని కొలతకు కవచము, చిన్నదానికి లోపల సవరణ. ఆమె మార్చిలో డెన్వరు వచ్చెదనన్నది గనుక, అచట నిపుణుని యొద్ద కూర్చుండబెట్టి బూట్లు కొనిపించెదను. అంతవరకు గుల్మార్గులో అద్దె బూటు లైనరును పెరికి చూచి మీరు కొలిచిన కొలతయే అడిగి తీసికొనుమని చెప్పెదను.

మేనత్త: ఫ్లెక్స్?

మేనకోడలు: 85 అని వ్రాసితిని.

మేనత్త: కొట్టివేసి 90 వ్రాయుము.